కిడ్నీ చెడినాక కాదు, చెడకముందే చూడాల

అనంతపురంలో డయాలసిస్ వార్డు బయట పొద్దున ఆరున్నరకే జనం కూర్చోనుంటారు, కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు నుంచి ఫస్ట్ బస్సు పట్టుకోని వచ్చినోళ్లు. మొన్న మేము మాట్లాడిన ఒకామెకి యాభై ఏళ్లు కూడా లేవు. కుడిచేతి నిండా గాజులుండాయి, ఎడమచేతికి ఒక్కటీ లేదు. డయాలసిస్ సూదులు గుచ్చేదానికి ఆ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసినారు, అందుకని దానికి గాజులు బిగించకూడదు, బీపీ చూడకూడదు, ఆ చేత్తో బిందె ఎత్తకూడదు. ఇక్కడ చెయ్యి పెట్టి చూడన్నా అనింది. పెడితే చర్మం కింద తేనెటీగ ఇరుక్కున్నట్టు జుమ్మని కొట్టుకుంటా ఉంది. "ఇది కొట్టుకుంటా ఉంటేనే నేనుండేది, లేస్తానే ఫస్టు దీన్నే చూసుకుంటా" అనింది.

ఆమెకి పదకొండేళ్లుగా షుగరు. బిళ్లలు వేసుకుంటానే ఉండాది, నెలనెలా షుగరు చూపించుకుంటానే ఉండాది. కాళ్లు, మొహం వాచినాక గానీ కిడ్నీల సంగతి ఎవరూ చెప్పలేదు, అప్పటికే అయిపోయింది.

మేము ఈరోజు రాస్తున్నది ఆ పదకొండేళ్ల గురించే. డయాలసిస్ ఫ్రీగా చేస్తున్నారు, డయాలసిస్ పేషెంట్లకి నెలకి 10,000 రూపాయల పెన్షన్ కూడా ఇస్తున్నారు, రెండూ మంచి పనులే, రెండూ ఉండాల్సిందే. కానీ డయాలసిస్ అంటే రోగం నయం చేసేది కాదు కదా, చెడిపోయిన కిడ్నీ పని మిషన్ చేస్తుంది, అంతే. 1943లో నెదర్లాండ్స్‌లో జర్మన్ల ఆక్రమణ నడుస్తుండగా కోల్ఫ్ అనే డాక్టరు సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకి చుట్టి ఫస్ట్ మిషన్ చేసినాడు, మిషన్లు ఎంత మారినా ఈరోజుకీ అదే సూత్రం, పల్చని పొరకి ఒకపక్క రక్తం, ఇంకోపక్క నీళ్లు, రక్తంలోని మలినం నీళ్లలోకి పోతుంది. ఒక్కో సారికి నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. నిమిషానికి అర లీటరు చొప్పున లెక్కేస్తే ఒక్క మనిషికి ఒక్క పూటకి 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు పోతాయి, ఆర్వోలో వేస్టయ్యేవి వేరే. వానే సరిగ్గా పడని మన జిల్లాలో ఇది చిన్న లెక్క కాదు. ఇన్ని నీళ్లు మిషన్‌కి పోతుంటే పక్కనే పేషెంటు ఒక గ్లాసు నీళ్లు కూడా కొలుచుకోని తాగాల.

ఇంక రీసెర్చి సంగతికొస్తే, చాలామందికి తెలియని మంచి వార్త ఇదే. చాలా ఏళ్లు డాక్టర్ల చేతిలో కిడ్నీని కాపాడే మందులంటే కొన్ని బీపీ బిళ్లలే, 1993లో క్యాప్టోప్రిల్, 2001లో లోసార్టాన్ లాంటివి షుగరు పేషెంట్ల కిడ్నీ చెడిపోవడాన్ని నిదానం చేస్తాయని తేలింది, తర్వాత ఇరవై ఏళ్లు దాదాపు ఏమీ లేదు. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు బిళ్లని సుమారు 4,300 మంది కిడ్నీ రోగుల మీద చూసినారు, మేలు అంత స్పష్టంగా కనిపించేసరికి స్టడీని ముందే ఆపేసినారు. కిడ్నీ పనితనం సగానికి పైగా పడిపోవడం, పూర్తిగా ఫెయిలవ్వడం, కిడ్నీ వల్లో గుండె వల్లో చనిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గినాయి. షుగరు లేనోళ్లకి కూడా పనిచేసింది. తర్వాత అదే రకం బిళ్ల ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 6,600 మందితో చేస్తే అదే మాట వచ్చింది. 2024లో సెమాగ్లూటైడ్ అనే షుగరు ఇంజెక్షన్ కూడా షుగరు ఉన్న కిడ్నీ రోగుల్లో ఇట్లాంటి ముప్పుని 24 శాతం తగ్గించింది. మనకి కావాల్సిందేమంటే డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ముందే అయిపోయింది, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025లో, ఇప్పుడు మన కంపెనీలు బోలెడు తయారు చేస్తున్నాయి, రేటు బాగా దిగింది.

మందుంది, రేటు దిగింది, మరి ఎవరికివ్వాలో ఎట్లా తెలుస్తుంది? కిడ్నీ నొప్పి పెట్టదు. రక్తంలో క్రియాటినిన్, అంటే కండల నుంచి వచ్చి కిడ్నీ బయటికి పంపాల్సిన వేస్టు, చూస్తే తెలిసిపోతుంది అనుకుంటాం గానీ, కిడ్నీ దాదాపు సగం పని పోగొట్టుకున్నాక గానీ అది కదలదు, కండ తక్కువున్న బక్కపల్చని కూలోళ్లలో అయితే ఇంకా మోసం చేస్తుంది, రిపోర్టులో నార్మల్ అనే ఉంటుంది. ముందు మాట్లాడేది మూత్రం. అందులో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం మొదలైతే కిడ్నీ జల్లెడ చిరుగుతున్నట్టే, గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాల. షుగరున్నోళ్లకి ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయాలని డాక్టర్ల పుస్తకాల్లోనే రాసుంది. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూస్తున్న సిబ్బంది చేతిలో ఒక చిన్న డబ్బా, ఒక స్ట్రిప్పు పెట్టడానికి అడ్డమేముంది? తేడా కనిపించినోళ్లని పీహెచ్‌సీకి పంపండి, అక్కడ ఈ బిళ్లలు ఫ్రీగా దొరికేటట్టు చూడండి.

ఇంకొకటి, ఒళ్లునొప్పుల బిళ్ల. శెనక్కాయ పెరికే రోజుల్లో పగలంతా ఎండలో నడుం వంచి, రాత్రికి ఒక డైక్లోఫెనాక్ వేసుకోనో సూది పొడిపించుకోనో పడుకోవడం మన ఊర్లల్లో మామూలే. ఒళ్లో నీళ్లు తక్కువైనప్పుడు కిడ్నీకి రక్తం తీసుకుపోయే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాన్నే ఆ బిళ్ల ఆపేస్తుంది. బీపీ బిళ్ల, మూత్రం ఎక్కువ పోయేదానికిచ్చే నీళ్ల బిళ్ల వేసుకునేవాళ్లయితే మరీ డేంజరు. ఇది అడిగినోళ్లకీ అమ్మినోళ్లకీ ఇద్దరికీ చెప్పాల.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ రోగం ఎక్కువున్న ఉద్దానం కోసం పలాసలో రీసెర్చి సెంటర్ 2023లో వచ్చింది, ఆ జనం ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. మన సీమకి కూడా మన ప్రశ్నలు ఉండాయి. మన బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, దానివల్లే కిడ్నీలు పోతున్నాయని మేము అనడం లేదు, కానీ కిడ్నీ బలహీనపడినోళ్ల ఒంట్లోంచి ఫ్లోరైడ్ బయటికి పోక పేరుకుంటుంది. కొత్త బిళ్లలు మూత్రం ఎక్కువ పోయేటట్టు చేస్తాయి, వాంతులు విరేచనాలు ఉన్నప్పుడు, ఉపవాసాలప్పుడు డాక్టర్ని అడిగి ఆపాల్సి ఉంటుంది. మరి మే నెల ఎండలో పొద్దస్తమానం ఉపాధి పనికి పోయేవాళ్లకి ఎట్లా ఇవ్వాల, ఎంత నీళ్లు తాగమనాల? కర్నూలు, అనంతపురం, కడప మెడికల్ కాలేజీలు మన మనుషుల మీదే చూసి రాయాల్సిన విషయం ఇది. దానికి పెద్ద బిల్డింగ్ అక్కర్లేదు, రికార్డు సరిగ్గా పెట్టి ఐదారేళ్లు వదలకుండా వెంటపడే టీము కావాల.

ఆ రోజు ఆమెకి తోడుగా చెల్లెలు వచ్చింది, ఆమెకి కూడా ఆరేళ్లుగా షుగరంట. మూత్రం పరీక్ష ఎప్పుడైనా చేసినారామ్మా అని అడిగితే, "షుగరుకి వేలు గుచ్చి రక్తం తీస్తారు కదన్నా, మూత్రం ఎందుకు" అనింది.