కీర్తనకు కార్డులు (కలిపి మోగించే స్వరాలు) వేసే ముందు: క్వయర్ మాస్టర్‌కు కర్ణాటక, పాశ్చాత్య సంగీతాలు రెండూ రావాలి

సెమీ క్రిస్మస్‌లు (క్రిస్మస్‌కు ముందే జరిపే వేడుకలు) దగ్గరపడితే గుంటూరు, విజయవాడ చర్చి సంఘాల్లో ముందుగా వినపడే ప్రశ్న ‘కీబోర్డు ఎవరు?’ అని. దొరికినవారినే సంఘ గాయకబృందాన్ని నడిపే క్వయర్ మాస్టర్‌ని చేసేస్తారు. వాయించడం వేరు, పాతిక గొంతులు విని సరిదిద్దడం వేరు. దీన్ని వృత్తిగా తీసుకోవాలనుకునే వాళ్లు ఈ తేడా దగ్గరే తడబడుతున్నారు.

1842లో అమెరికా మిషనరీ హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. మిషనరీలతో వచ్చిన హిమ్‌లకు సోప్రానో, ఆల్టో (ఆడవారి పై, కింది గొంతులు), టెనార్, బేస్ (మగవారి పై, కింది గొంతులు) అని నాలుగు వరసల అమరిక ఉంది. మన కీర్తనలకు పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, అందరూ ఒకే వరసలో పాడేవి. రెండోదానికి మొదటిదాని కొలతలు పెడితే పాట చెడుతుంది.

మోహన రాగాన్నే తీసుకోండి. అందులో మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. సి శ్రుతిలో ఎఫ్ కార్డు వేస్తే మధ్యమం, జి కార్డు వేస్తే నిషాదం వచ్చిపడతాయి. అలవాటుగా సి, ఎఫ్, జి తిప్పేస్తే అది మోహన కాదు, మామూలు మేజర్ స్కేలు. రాగం నిలవాలంటే బేస్‌ని షడ్జమ పంచమాల (స, ప) మీద నిలపాలి, సి, ఎ మైనర్ కార్డులతో సరిపెట్టుకోవాలి. టెనార్‌కి అదే పల్లవిని ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆలస్యంగా అందించవచ్చు, కానీ రెండు వరసలూ ఎక్కడ ఒరుసుకుంటాయో ముందే పాడి చూసుకోవాలి. గమకం (స్వరాన్ని ఊపడం) ఉన్నచోట అందరూ ఒకేలా ఊపలేరు. అక్కడ నలుగురికే వదిలేయడం మేలు.

ఇరవై నాలుగు మందిలో ఏడుగురు సోప్రానో, ఆరుగురు ఆల్టో, ఐదుగురు టెనార్, ఆరుగురు బేస్ ఉంటే తూకం బాగుంటుంది. నిజానికి టెనార్లే దొరకరు. కిందికి దిగగల ఆల్టోలు ఇద్దరిని వాళ్ల పక్కన నిలబెట్టండి, గొంతు చించుకోకుండా గడుస్తుంది.

వాద్యం లేకుండా నాలుగు చరణాలు పాడేసరికి శ్రుతి దిగిపోతే, సాధారణంగా కారణం అవరోహణలో ఊపిరి వదిలేయడం. అరస్వరం పెంచి మొదలుపెట్టి చూడండి, చాలాసార్లు నిలుస్తుంది. ‘రక్షణ’లో ‘క్ష’ని ఒక్కొక్కరు ఒక్కో క్షణంలో పలికితే బుస్సుమనే శబ్దమే మిగులుతుంది. హల్లు తాళం దెబ్బకు ముందే అయిపోవాలి, అచ్చు దెబ్బ మీద పడాలి. ఇది చెవితో పట్టాలంటే మాస్టర్ తాను పాడటం మానాలి.

చదువుకు విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రం, పక్కన ట్రినిటీ (లండన్ కళాశాల నడిపే పాశ్చాత్య సంగీత) గ్రేడు పరీక్షలకు థియరీ: రెండూ కలిపి చేసినవాళ్లు తక్కువ, అందుకే వాళ్ల అవసరం ఎక్కువ. జీతం మాత్రం స్కూలు ఉద్యోగం, ట్యూషన్ల నుంచే వస్తుంది. సంఘం ఇచ్చేది గౌరవ వేతనమే. మైకులకు ఖర్చు పెట్టే కమిటీలు మాస్టర్ దగ్గర చేయి బిగించడం అన్యాయం. కుర్రవాళ్లు కార్యక్రమం రోజుకు కాదు, ప్రాక్టీసు గంటలకు లెక్క మాట్లాడుకోవాలి. నాలుగు భాగాలూ రాసిచ్చే పనికి విడిగా అడగాలి.