స్లయిడ్లు తీసేస్తే పాటే ఉండదు

ట్రాక్టెన్‌బర్గ్ ఫ్యామిలీ స్లయిడ్‌షో ప్లేయర్స్ అని అమెరికాలో అమ్మా నాన్నా కూతురూ కలిసి నడిపిన బ్యాండ్ ఒకటుండేది, వాళ్ళ పాటలు మామూలే, తెర మీద వేసే స్లయిడ్లు ఒట్టి గిమ్మిక్కు అని ఎవరో రాశారు కానీ నాకు అస్సలు ఒప్పుకోబుద్ధి కావట్లా. అమెరికాలో పోయినోళ్ళ ఇళ్ళల్లో సామాన్లు అమ్మేస్తుంటే అందులో ముక్కూమొహం తెలియనోళ్ళ ఫొటో స్లయిడ్లు కొనుక్కొచ్చి, ఆ బొమ్మల్ని చూసే కదా పాట కట్టేది, 1959లో ఎవరో జపాన్ కొండలకి పోయిన ట్రిప్పు మీద కూడా ఒకటుంది. నాన్న పాడేవాడు, అమ్మ ప్రొజెక్టర్ తిప్పేది, కూతురు చిన్నప్పట్నుంచే డ్రమ్స్. ఇక బొమ్మ తీసేస్తే మిగిలేదేంటి? మా తెనాలి దగ్గర ఊళ్ళో తోలుబొమ్మలాట కూడా ఇంతే, మొగుడూ పెళ్ళాం తెర వెనక పాడతా బొమ్మలాడించేవాళ్ళు, పిల్లోడు తాళం, యుద్ధం వస్తే కాళ్ళ కింద చెక్కల్ని టకటకా తొక్కేవాళ్ళు. ఒకసారి నేను తెర వెనక్కి దూరి చూశా, హనుమంతుడి బొమ్మ వేలాడతా ఉంది దండెం మీద, ఆవిడేమో చంటోడికి పాలిస్తానే సీత గొంతు పాడతా ఉంది. దాన్ని గిమ్మిక్కు అని ఎవడన్నా అన్నాడా మా ఊళ్ళో? ఆ అమెరికా అమ్మాయి డ్రమ్స్ మాత్రం కాస్త అటూఇటూ అయ్యేవి, అది నిజమేలే, నాకదే నచ్చింది.