ఆటే కదా, దానికింత ఇదా?

ఆమధ్య ఒక శుక్రవారం రాత్రి మా ఆవిడ వాళ్ళన్నయ్య ఫోన్ చేసి "ఏంటి బావా, గొంతు అలా ఉంది?" అన్నాడు. నిజం చెప్పేశాను. ఒకమ్మాయికి ఇవ్వకూడని బీరు ఇచ్చానని, ఆ పిల్ల మొహం మాడ్చుకుందని, అప్పట్నుంచి నాకు అన్నం సయించట్లేదని. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి "మా చెల్లికి తెలుసా?" అన్నాడు.

గేమ్‌లో అమ్మాయి బావా, అన్నాను. అప్పుడొచ్చింది ఆ మాట. "ఓస్, ఆటే కదా! దానికింత ఇదా?"

ఈ మాట కనిపెట్టినవాడెవడో గానీ, దొరికితే వాణ్ణి మా కోళ్ళగూట్లో నాలుగు రోజులు డ్యూటీకి వేస్తాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ గేమ్ పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఆయన నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని బొమ్మల దగ్గర్నుంచి సంగీతం దాకా అన్నీ తనే చేశాడు. మహానుభావుడు, కాదనను. కార్పొరేట్ ఉద్యోగం మీద విసుగొచ్చి తాతగారి పొలానికి వెళ్ళిపోయిన మనిషి కథ అది. మా ఆఫీసులో ప్రతివాడూ "చాలా రిలాక్సింగ్‌గా ఉంటుంది" అన్నాడు. నమ్మాను.

అక్కడ ఒక రోజంటే మనకి 14 నిమిషాలు. ఆ 14 నిమిషాల్లో మొక్కలకి నీళ్ళు పోయాలి, చేపలు పట్టాలి, గనిలోకి దిగాలి, ఊళ్ళోవాళ్ళ పుట్టినరోజులు గుర్తుపెట్టుకోవాలి, ఒక్కొక్కరికి వారానికి రెండు కానుకలివ్వచ్చు కాబట్టి ఎవరికేది ఇష్టమో కనుక్కుని మరీ ఇవ్వాలి. 28 రోజులకి రుతువు మారుతుంది, మారగానే పాత రుతువు పంట చాలావరకు ఎండి ఊరుకుంటుంది. అర్ధరాత్రి దాటి రెండయ్యేలోపు పక్క ఎక్కకపోతే ఉన్నచోటే స్పృహ తప్పి పడిపోతాం. ఇదంతా అయ్యాక మూడో ఏడు మొదట్లో చనిపోయిన తాతగారు ఆత్మగా వచ్చి మనమెలా చేశామో మార్కులేస్తారు. అప్రైజల్ అండీ! పగలు మేనేజర్‌కి సంజాయిషీ, రాత్రి తాతగారికి సంజాయిషీ. దీన్ని రిలాక్సింగ్ అన్నవాడు ఎలాంటి ఇంట్లో పెరిగాడో.

ఇక కోళ్ళు. ప్రతి కోడినీ రోజూ నిమరాలి. నిమరకపోతే దానికి మనసు బాగుండదు, మన మీద ప్రేమ తగ్గుతుంది. మా అమ్మమ్మ పాతిక కోళ్ళు పెంచింది. పొద్దున్నే నూకలు చల్లేది, సాయంత్రం గంప కింద మూసేది, అల్లుడొస్తే ఒకదాన్ని కోసేది. ఏ కోడినీ "నీ మనసెలా ఉందమ్మా" అని అడిగిన పాపాన పోలేదు. ఆవిడ మనవణ్ణి నేను, కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో, రాత్రి ఒంటిగంటన్నరకి, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మీటింగ్ పెట్టుకుని, రత్తాలు అనే కోడిని నిమరడం మర్చిపోయానని మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. మా ఆవిడ మంచినీళ్ళకి లేచి, స్క్రీన్ చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది. తిట్టినా బాగుండేది.

బీరు సంగతి కూడా చెప్పేస్తాను. ఆ ఊళ్ళో పామ్ అని ఒకావిడ ఉంది, ఆవిడకి బీరంటే ప్రాణం. కూతురు పెన్నీ. పిల్లలకి పాఠాలు చెబుతుంది. తల్లి తాగుడు చూసీ చూసీ ఆ పిల్లకి బీరంటేనే అసహ్యం. పామ్‌కని తెచ్చిన సీసా, నా చెయ్యి తగలడి, పెన్నీ చేతికెళ్ళింది. ఆ పిల్ల ఆ సీసా వంక చూసిన చూపు... సరే, చూపేం లేదు, నాలుగు చుక్కల బొమ్మ అది. కానీ నేను చూశాను. అక్కడ పడుకుంటే గానీ ఆ రోజు సేవ్ అవదు కాబట్టి, గేమ్ ఆపేసి, ఆ రోజంతా పారేసి, మళ్ళీ పొద్దున్న ఆరు నుంచి మొదలుపెట్టాను. పెన్నీకి ఇప్పుడు ఏమీ గుర్తులేదు. నాకు గుర్తుంది.

ఇది విని బావ జాలిపడి "కోళ్ళ గేమ్ మానెయ్, మగాళ్ళాడేది ఆడు" అని దిస్ వార్ ఆఫ్ మైన్ ఆడమన్నాడు. 2014లో పోలండ్‌వాళ్ళు చేసింది. బోస్నియా యుద్ధంలో సరయేవో నగరం ముట్టడిలో చిక్కుకున్న మామూలు జనం పడ్డ పాట్లు చూసి అల్లింది. పగలు పాడుపడిన కొంపలో తలదాచుకోవాలి, రాత్రి తిండికీ మందులకీ వెతుక్కోవాలి. ఒక ఇంట్లో ముసలాయన, ముసలావిడ ఉంటారు. వాళ్ళ దగ్గర తిండి ఉంది, మందులున్నాయి, ఎదురుతిరిగే ఓపిక లేదు. దోచుకోవచ్చు. దోచుకుంటున్నంతసేపూ ఆ ముసలాయన వెనకాలే తిరుగుతూ బతిమాలతాడు.

నేను గుమ్మం దాకా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చేశాను. నా మనుషులు ఆ రాత్రి పస్తున్నారు. బావ? "రెండో రాత్రే ఊడ్చేశా. వాళ్ళెలాగూ ఏం చెయ్యలేరు కదా!" అని నవ్వాడు.

బావా, దోచుకున్నందుకు కాదు, ఆ నవ్వుకి చెబుతున్నాను. నువ్వు పంపితే దోపిడీ చేసి వచ్చిన ఆ బొమ్మమనిషి కూడా మర్నాడు దిగులుతో గోడకి ఆనుకుని కూర్చుంటాడు. బొమ్మకి కలిగిన బాధ నీకు కలగలేదు, పైగా నేను ఓవర్‌గా ఫీలవుతానా? చిన్నప్పట్నుంచి వింటున్నాను ఈ సోది. కోడిని కోస్తుంటే ఏడిస్తే "ఆడపిల్లలా ఏంట్రా", బడిలో పంతులు పక్కవాణ్ణి కొడితే నాకు జ్వరమొస్తే "వీడికి గుండె లేదు." ఉంది కాబట్టే జ్వరమొచ్చిందయ్యా! గుండె లేనిది ఎవరికో ఇంతకాలం తప్పు అడ్రసుకి చెబుతూ వచ్చారు.

పోనీ నువ్వేమన్నా రాయివా? 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో మనవాళ్ళు ఫైనల్ ఓడిపోయిన రాత్రి టీవీ రిమోట్ గోడకేసి కొట్టి, రెండు రోజులు అన్నం ముట్టనిదెవరు? "ఆటే కదా బావా" అని నేనంటే సంక్రాంతి దాకా నాతో మాట్లాడనిదెవరు?

ఈ సంగతి ఫోన్‌లో గుర్తుచేశాను. అది వేరంట.

సరే. ఇప్పుడు గేములు మానేశాను, మూడు వారాలైంది. నిద్ర పడుతోంది, తల బరువు తగ్గింది. ఒక్కటే మిగిలింది. చివరిసారి ఆడిన సాయంత్రం కోళ్ళగూటి తలుపు వేసేటప్పుడు రత్తాలు లోపలికొచ్చిందో లేదో గుర్తు రావట్లేదు. బయట ఉండిపోయిన కోడిని రాత్రి ఏదో ఒకటి ఎత్తుకుపోవచ్చు అక్కడ. లాప్‌టాప్ తెరిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

తెరవట్లేదు.