పరీక్ష ప్రిన్స్‌టన్‌ది, పిల్లలు మనవాళ్లు

టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షను నడిపే అమెరికా సంస్థ, ప్రిన్స్‌టన్ కేంద్రంగా ఉన్న ఈటీఎస్‌తో 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. సర్కారు బడుల్లో మూడో తరగతి నుంచే టోఫెల్ అన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, టోఫెల్ వెళ్లిపోయింది. వచ్చినప్పుడు ఒక పార్టీ చప్పట్లు, పోయినప్పుడు ఇంకో పార్టీ చప్పట్లు. గుంటూరు జిల్లా పల్లె బడిలో పాఠం చెప్పే ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని) ‘మీ పిల్లలకు ఇది పనికొస్తుందా, టీచర్‌గారూ?’ అని రెండుసార్లలో ఎప్పుడైనా అడిగిన దాఖలా మాకు కనబడలేదు.

ఇంగ్లిష్ బోధన పేరుతో బయటి సాయం మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పుట్టినప్పుడు బ్రిటన్ సాంస్కృతిక సంస్థ బ్రిటిష్ కౌన్సిల్, అమెరికా దాతృత్వ సంస్థ ఫోర్డ్ ఫౌండేషన్ చేయూత ఉంది. మూడేళ్లకు ఉగాండాలోని మకెరెరెలో ఇంగ్లిష్ బోధనపై కామన్వెల్త్ దేశాల సదస్సు జరిగింది. ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే చెప్పాలి, అది మాతృభాషగా ఉన్నవాడే ఆదర్శ టీచరు, ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు, ఎంత ఎక్కువ చెబితే అంత లాభం, వేరే భాష వాడితే ప్రమాణాలు పడిపోతాయి: ఆ సదస్సు నివేదికలోంచి ఈ ఐదు నమ్మకాలను బయటికి తీసి, ఐదూ అపోహలేనని 1992లో భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ వాదించారు. మన శిక్షణ తరగతుల్లో మాత్రం వాటికింకా కాలం చెల్లలేదు.

అసలు తంటా శిక్షణ దిగొచ్చే దారిలో ఉంది. నిపుణుడు పైన కొందరికి చెబుతాడు, వాళ్లు జిల్లాకు, జిల్లావాళ్లు మండలానికి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుకు చేరేసరికి మిగిలేది పీపీటీ, సంతకాల షీటు. కింది నుంచి పైకి ఒక్క ప్రశ్న కూడా ఎక్కదు. అర్థంకాని వాక్యాన్ని తెలుగులో విడమర్చి పిల్లల్ని గట్టెక్కించే టీచరు, బృందం తనిఖీకి వచ్చిన రోజు తెలుగు మాట ఎక్కడ నోరుజారుతుందోనని టెన్షన్ పడతారు. ఆమెకు తెలిసిన కిటుకు ప్రాజెక్టు నివేదికలోకి చేరదు. చేరినా అది ‘లోపం’ గడిలోకే వెళుతుంది.

విదేశీ డబ్బు ముట్టుకోవద్దని మేం అనడం లేదు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు కేంద్రంగా భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు నడిపిన ఇంగ్లిష్ బోధన ప్రయోగానికి బ్రిటిష్ కౌన్సిల్ అండ ఉంది. కానీ ఆలోచన ఇక్కడిది, పరీక్షించిందీ ఇక్కడి మామూలు తరగతుల్లోనే. పిల్లలకు చేయడానికో పని ఇచ్చి, ఆ పనిలోంచే భాష వచ్చేలా చూసిన ఆ పద్ధతిని ఇవాళ ప్రపంచమంతా చదువుకుంటోంది.

ఇంగ్లిష్ కావాలనే తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే. వద్దని ఉపన్యాసాలిచ్చే పెద్దల పిల్లలు తెలుగు మీడియంలో ఎందరున్నారో అందరికీ తెలుసు! ఆ కోరిక మీద జరుగుతున్న వ్యాపారం గురించే మా ఆందోళన. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో, గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ బోర్డుల మీద కనబడే ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష)కు బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జి, ఆస్ట్రేలియా సంస్థ ఐడీపీ ఉమ్మడి యజమానులు. 2021లో భారత్‌లోని తన ఐఈఎల్‌టీఎస్ వ్యాపారాన్ని బ్రిటిష్ కౌన్సిల్ 13 కోట్ల పౌండ్లకు ఐడీపీకి అమ్మింది. మన పిల్లలు కట్టే ఫీజులకు లండన్‌లో కట్టిన వెల అది. ఆ స్కోరు సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది, తర్వాత మళ్లీ ఫీజు. ఇంగ్లిష్ ఎలా నేర్పాలో సలహా చెప్పే సంస్థే పరీక్ష కూడా అమ్ముకుంటుంటే, ఆ సలహాను ఎంతవరకు నమ్మాలి?

వెలగపూడిలో రేపు ఇంకో సంస్థతో సంతకాలు జరగొచ్చు. దానికి ముందే ఒప్పందం మొత్తాన్ని తెలుగులో ప్రజల ముందు పెట్టాలి. రూపకల్పన కమిటీలో సగం మందైనా ప్రస్తుతం బడిలో పాఠాలు చెబుతున్న టీచర్లు ఉండాలి. తరగతిలో తెలుగు వాడుకోవచ్చని రాతపూర్వకంగా చెప్పాలి. పరీక్ష అమ్మే సంస్థకు పాఠ్యప్రణాళిక పని ఇవ్వకూడదు. పిల్లల జవాబులు, రికార్డయిన గొంతులు ఎవరి సొత్తో, ఒప్పందం రద్దయితే అవి ఎక్కడికి పోతాయో కూడా అందులోనే ఉండాలి.