మహారాజశ్రీ లిఫ్ట్ కిట్ గారికి

మా బావ బండిలో వెనక సీటు బామ్మర్ది నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నడుములు తప్ప.

తమరు వేంచేయక ముందు మా బావ టాటా సఫారీ మర్యాదగా బతికింది. ఏపీ 09 నంబరు, అంటే రాష్ట్రం విడిపోక ముందు పుట్టిన బండి. కంపెనీ ఇచ్చిన 235/70 ఆర్16 టైర్లతోనే స్పీడ్ బ్రేకర్లూ, గుంతలూ, మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద వాన నీళ్లూ అన్నీ దాటేసింది. కానీ టైర్లు బక్కగా కనబడుతున్నాయని బావకు బెంగ పట్టుకుంది. రాణిగంజ్ వెళ్లి 265/70 టైర్లు తెచ్చాడు. ఎక్కిస్తే ముందు మడ్‌గార్డుకు ఒరుసుకున్నాయి. "రెండించులు లేపితే సాఫ్‌గా కూసుంటది సార్, టెన్షనే లేదు" అన్నాడు ఉస్తాద్. అలా వచ్చారు తమరు, బాడీని పైకి లేపే సామాను.

వెనక కాయిల్ స్ప్రింగుల దగ్గర ఎత్తు పెంచే దిమ్మలై, అంటే స్పేసర్లై కూర్చున్నారు. ముందున్నది టార్షన్ బార్, అంటే మెలి తిరుగుతూ స్ప్రింగు పని చేసే కడ్డీ కాబట్టి, తమరి పేరు చెప్పి బోల్టు బిగించేశారు. ముక్కు లేచింది. కానీ గుంతలో చక్రం కిందికి దిగడానికి ఉన్న జాగా కాస్తా ముందే ఖర్చయిపోయింది. ఇప్పుడు గుంత రాగానే చక్రాన్ని పట్టుకున్న పై ఆర్మ్ వెళ్లి స్టాపర్‌ను ఠక్కున కొడుతుంది. డాష్‌బోర్డు మీద డబుల్ టేపుతో అంటించిన వినాయకుడు ఖైరతాబాద్ దాకా ఓర్చుకుని, పంజాగుట్టలో మా అక్క ఒళ్లోకి దిగాడు. బుష్‌లు, బాల్ జాయింట్లు మాత్రం పాతవే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

అసలు లెక్కకొద్దాం. వెనక ఇరుసు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే. తమరు కూర్చునేది దాని పైన, కాబట్టి లేచేది బాడీ. ఇరుసు మధ్యలో వేలాడే గేర్ల గుండు, అదే డిఫరెన్షియల్, తమరి వల్ల వీసమెత్తు కదలదు. దాన్ని లేపేది టైరే. పాత టైరు ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు, కొత్తది 777. ఇరుసుండేది చక్రం నడుమ కాబట్టి లేచేది ఆ తేడాలో సగం, 21 మిల్లీమీటర్లు. బావ ఇంత హంగామా చేసి రాళ్ల మీద గెలుచుకున్నది బొటనవేలి వెడల్పు.

పోనీ ఒరుసుకోవడం ఆగిందా? గుంతల్లో ఆగింది. సెల్లార్‌లో ఫుల్ స్టీరింగ్ తిప్పితే ఇప్పటికీ గర్రుమంటుంది, ఎందుకంటే చక్రం పక్కకు తిరిగి తాకే చోటు బాడీ లేపినంత మాత్రాన తప్పుకోదు. పైగా ఇప్పుడు సెల్లార్ బీముకు బండి పైనున్న క్యారియర్ తగులుతోంది. వాచ్‌మన్ ముందు నడుస్తూ "ఆగు సార్, ఆగు" అంటే తప్ప బండి ఇల్లు చేరదు.

టైరు పెద్దదై ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతోంది కాబట్టి మీటరూ అబద్ధాలు నేర్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 చూపిస్తే బండి నిజంగా పోయేది దాదాపు 127. కెమెరాకు ఆ సంగతి బాగా తెలుసు. 158 కిలోమీటర్లూ చుట్టొస్తే మీటర్లో 150 కూడా పడదు, ఇక మైలేజీ పడిపోయిందని బంకు వాణ్ని తిట్టడం.

ఇంతా చేస్తే అది ఫోర్ బై టూ. అనంతగిరి బురదలో దిగబడితే తిరిగేవి వెనక చక్రాలే, అవీ ఉన్నచోటే. ట్రాక్టర్ తెచ్చిన పెద్దాయన బండిని కిందా మీదా చూసి, "ఇంత ఎత్తుగుంది, గిట్లెట్ల దిగబడ్డది బిడ్డా?" అన్నాడు. తమరి తరఫున మేమే తలలు దించుకున్నాం.

ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మార్చిన ఓనరుకు అయిదు వేల జరిమానా, కాకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చట్టంలోనే ఉంది. పదిహేనేళ్ల ఫిట్‌నెస్‌కు వెళ్లేముందు తమరిని విప్పి మంచం కింద దాచాలని బావ ప్లాను. తమరు అడ్డం తిరక్కండి.

చివరగా ఒక మాట. మా అత్తమ్మ ఎక్కలేకపోతోంది. డిక్కీలో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టుకుని తిరుగుతున్నాం. సిగ్నల్ దగ్గర దింపాల్సి వస్తే ముందు స్టూలు దిగాలి, తర్వాత ఆవిడ. ఈ బాధ పడలేక బావ నిన్న ఫుట్‌స్టెప్‌లు బిగించాడు. బాగా కిందికి వేలాడే రకం. సరిగ్గా తమరు లేపినంత కిందికి.

ఇట్లు,
వెనక సీటు