సవరణ: పాత వీ-క్రాస్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ పరీక్ష

పాత ఇసుజు వీ-క్రాస్ పికప్ బండి కొనేముందు చూడాల్సిన వాటి గురించి నేను ఇంతకుముందు రాసిన పోస్టులో, "డీలర్ యార్డులోనే ఫోర్-హై వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడపండి" అని ఉంది. ఫోర్-హై అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే, మామూలు వేగాలకు వాడే సెట్టింగు. ఆ వాక్యం తీసేశాను. సిమెంటు నేల మీద, తారు రోడ్డు మీద దయచేసి అలా చేయకండి.

ఈ బండిలో సెంటర్ డిఫరెన్షియల్, అంటే ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. టైర్లు కాస్తయినా జారే వీలు లేకపోతే ఆ తేడా అంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడి బండి బిగుసుకుంటుంది, కుదుపుతుంది. ఏ లోపమూ లేని బండి కూడా అంతే. అది చూసి టెన్షన్ పడి మంచి బండిని వదులుకోవద్దు.

మట్టి లేదా కంకర నేల మీద చూడండి. ఫోర్-లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ వీల్ డ్రైవ్ సెట్టింగు) వేయాలంటే బండి ఆపి న్యూట్రల్‌లో పెట్టాలి. మీటర్‌లో లైటు వెలిగితే చాలదు, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో పక్కన నిలబడిన మనిషి గమనించాలి. ఇందుకు ఒప్పుకోని డీలర్ దగ్గర నేనైతే కొనను.

ఇంకో సంగతి, 2021 నుంచి టూ వీల్ డ్రైవ్ వీ-క్రాస్ కూడా అమ్మారు. అడ్వాన్స్ ఇచ్చేముందే అది ఏ వేరియంటో చూసుకోండి. ఛాసిస్ తుప్పు, వెల్డింగు గురించి ఆ పోస్టులో రాసినదాంట్లో మార్పు లేదు.