క్యాంపస్ భద్రత గేటు దగ్గరే ఆగిపోతోంది

2023 నవంబరు మొదట్లో ఓ అర్ధరాత్రి వారణాసిలోని ఐఐటీ బీహెచ్‌యూ క్యాంపస్‌లో స్నేహితుడితో నడిచి వెళ్తున్న విద్యార్థినిని బైకు మీద వచ్చిన ముగ్గురు అడ్డగించి లైంగిక దాడి చేశారు. విద్యార్థులు వేలల్లో రోడ్డెక్కారు. ఒకే ఆవరణలో ఉన్న ఐఐటీకి, బనారస్ హిందూ యూనివర్సిటీ (బీహెచ్‌యూ)కి మధ్య గోడ కట్టాలన్న ప్రతిపాదన వెంటనే బయటికొచ్చింది. నిందితులు దొరకడానికి మాత్రం దాదాపు రెండు నెలలు పట్టింది.

అదే బీహెచ్‌యూలో 2017 సెప్టెంబరులోనూ ఇలాగే జరిగింది. సాయంత్రం హాస్టల్‌కు వెళ్తున్న తనను బైకు మీద వచ్చినవాళ్లు వేధిస్తే, దగ్గర్లోనే ఉన్న గార్డులు కదల్లేదని, ఫిర్యాదు చేస్తే ఆ వేళప్పుడు బయటేం పనని తననే అడిగారని ఓ విద్యార్థిని చెప్పింది. ధర్నాకు కూర్చున్న అమ్మాయిలు లాఠీదెబ్బలు తిన్నారు. గోడ ఎంత ఎత్తు కడితే మాత్రం కదలని గార్డు కదులుతాడు?

బయటివాళ్లను ఆపనక్కర్లేదని కాదు. 2024 డిసెంబరులో చెన్నై అన్నా యూనివర్సిటీలో విద్యార్థినిపై అఘాయిత్యం చేసినవాడు బయటివాడే, ఆ చుట్టుపక్కల బిర్యానీ అమ్ముకునే మనిషి. అయిదు నెలల్లోనే కోర్టు అతన్ని దోషిగా తేల్చింది, మంచిదే. కానీ ఆ అమ్మాయి వివరాలున్న ఎఫ్‌ఐఆర్ ఆన్‌లైన్‌లో బయటపడింది. అది చూసిన మరో అమ్మాయి ఫిర్యాదు చేయడానికి ముందుకొస్తుందా? నా దృష్టిలో క్యాంపస్ భద్రతకు అసలు దెబ్బ అక్కడే తగిలింది.

మన దగ్గర 2015లో నాగార్జున యూనివర్సిటీలో ర్యాగింగ్ ఓ ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసింది. ఉమ్మడి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. వేధించేవాళ్లు ఐడీ కార్డు మెడలో వేసుకుని తిరిగే సీనియర్లయితే గేటు దగ్గర చెకింగ్ ఎవర్ని ఆపుతుంది? మొదటి వారంలోనే ఆ పిల్ల ధైర్యంగా వెళ్లి చెప్పుకోగలిగే మనిషి ఒకరుండాలి.

ఈ సంగతి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ)కి తెలియదని కాదు. లైంగిక వేధింపులపై తెచ్చిన 2015 నిబంధనల్లో, భద్రత పేరుతో అమ్మాయిల హాస్టళ్లకు వివక్షతో కూడిన రూల్స్ పెట్టకూడదని, వాళ్ల రాకపోకల మీద ఆంక్షలు విధించకూడదని స్పష్టంగా రాసింది. ఫిర్యాదుల కమిటీలో వీసీ, రిజిస్ట్రార్, డీన్ లాంటివాళ్లు ఉండకూడదు. విద్యార్థులకు సంబంధించిన కేసైతే విద్యార్థులూ సభ్యులుగా ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఇంత మంచి నిబంధనలు చేతిలో ఉండగా మన కాలేజీల్లో ఏ గొడవ జరిగినా ముందు కుదించేది అమ్మాయిల హాస్టల్ టైమింగ్సే. అబ్బాయిల హాస్టల్ గేటు మాత్రం తెరిచే ఉంటుంది.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. రాత్రి 10 దాటాక లైబ్రరీ నుంచి లేడీస్ హాస్టల్ దాకా వీసీ, ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్లు, ఇద్దరు ముగ్గురు విద్యార్థినులు కలిసి ఒకసారి నడిస్తే చాలు. చెట్టుకొమ్మలు కమ్మేసి వెలుగు కింద పడని వీధిదీపం, ఫుట్‌పాత్ లేక పొదల పక్కనుంచి నడవాల్సిన మలుపు, సిగ్నల్ అందని చోటు, అన్నీ అక్కడికక్కడే కనిపిస్తాయి. ఈ నడక ప్రతి సెమిస్టర్‌లో జరగాలి. సీసీ కెమెరాల్లో ఎన్ని పనిచేస్తున్నాయో నెలనెలా నోటీసు బోర్డులో పెట్టాలి.

ఇక గార్డుల సంగతి. తక్కువకు కోట్ చేసిన ఏజెన్సీకే టెండర్ కట్టబెడతారు. చేతిలో కర్ర, టేబుల్ మీద రిజిస్టర్ తప్ప ఇంకేమీ లేని మనిషిని 12 గంటలు కూర్చోబెడతారు. అమ్మాయి అరుపు వినిపిస్తే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో అతనికి నేర్పినవాళ్లు లేరు. టెండర్‌లో శిక్షణ, రాత్రి గస్తీ, మహిళా గార్డులు, పిలిస్తే ఎన్ని నిమిషాల్లో చేరుకోవాలన్న షరతు రాయాలి. ఆ షరతు తప్పితే ఏజెన్సీకి బిల్లు కోత పడాలి.